అన్న తెచ్చే స్కానర్ దేవరకొండలో ఏం వింటుంది?

ప్రశ్న: సర్, నేను నల్లగొండలో డిప్లొమా ఈసీఈ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో షార్లెట్‌లో ఉంటాడు. అక్కడ నాస్కార్ అనే కార్ల రేసుకు పోయినప్పుడు, గాల్లో పోయే రేడియో మాటలు పట్టే స్కానర్ పెట్టుకుని డ్రైవర్లు, టీమ్‌వాళ్లు మాట్లాడుకునేదంతా విన్నాడు. ఫోన్‌లో నాకూ వినిపించాడు. అప్పటి నుంచి నాకు అదే పిచ్చి. దసరాకు వచ్చేటప్పుడు ఒక స్కానర్ కొని తెచ్చిస్తానంటున్నాడు. నాన్నకు చెబితే "మందిమాటలు చాటుంగ వినుడేంది? పోలీసోళ్లు పట్టుకపోతే నేను రాను" అన్నాడు. అక్కడ వేలమంది వినేది ఇక్కడ నేను వింటే తప్పెట్లా అవుతుంది?

ఇంకో సంగతి. మా కాలేజీ గో-కార్ట్ (చిన్న రేసు బండి) టీమ్‌లో రేడియోలు చూసేది నేనే. మొన్నటి పోటీలో మా వాకీటాకీ మాటలు పక్క కాలేజీవాళ్లు విన్నారు. మాకంటే ఒక ల్యాప్ (చుట్టు) ముందే వాళ్ల బండిని పిట్‌లోకి, అంటే రేసు మధ్యలో బండి ఆపి సరిచేసుకునే చోటికి, పిలుచుకున్నారు. సెట్ డబ్బా మీద ప్రైవసీ కోడ్ అని రాసి ఉంది, మేం అది పెట్టుకున్నాం కూడా. వాళ్ల మీద కంప్లైంట్ ఇవ్వొచ్చా? చివరిగా, అన్న పంపిన ఆడియోతో నేను రెండు యూట్యూబ్ షార్ట్స్ చేశాను. ఒకదాంట్లో డ్రైవర్ గోడకు గుద్దుకున్నాక తన టీమ్‌నే తిడతాడు. దానికే వ్యూస్ ఎక్కువ. ఉంచాలా, తీసెయ్యాలా?

– ఒక విద్యార్థి, నల్లగొండ జిల్లా

జవాబు:

తమ్ముడూ, ముందు చెప్పాల్సినవి చెప్పేస్తాను. స్కానర్ కొనొద్దని అన్నకు ఇవాళే మెసేజ్ పెట్టు. షార్ట్స్ రెండూ తీసెయ్. పక్క కాలేజీ మీద కంప్లైంట్ ఆలోచన మానుకో. మీ అన్న షార్లెట్‌లో చేసినదాంట్లో మాత్రం ఏ తప్పూ లేదు, ఆ మాట నాన్నకు ధైర్యంగా చెప్పొచ్చు. ఊరికే వద్దంటే నీకు నచ్చదని తెలుసు. పాలమూరులో ముప్పై ఏళ్లు ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పినవాణ్ణి, నీ వయసు పిల్లల్ని చాలామందిని చూశాను. కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటి సగంలో వినడానికి దారి అడిగావు. రెండో సగంలో నిన్ను విన్నవాళ్ల మీద కోపంగా ఉన్నావు. దీన్ని తప్పుపట్టడం లేదు. మన మాట మనకు తెలియకుండా ఇంకొకరి చెవిలో పడితే ఎట్లుంటుందో నీకు మొన్ననే తెలిసొచ్చింది. స్కానర్ కొనేవాళ్లలో చాలామందికి ఆ అనుభవం ఉండదు. మిగతా జవాబంతా ఆ అనుభవాన్ని మనసులో పెట్టుకుని చదువు.

షార్లెట్ సంగతి చూద్దాం. నాస్కార్‌లో ఒక్కో కారుకు ముఖ్యంగా మూడు గొంతులుంటాయి. లోపల డ్రైవర్. పిట్ దగ్గర టీమ్‌ను నడిపించే క్రూ చీఫ్. గ్యాలరీ కప్పు మీద నిలబడి ట్రాక్ మొత్తం చూసే స్పాటర్. హెల్మెట్‌కు, మెడకు పట్టీలు బిగించి ఉంటాయి కాబట్టి డ్రైవర్ పక్కకు తిరిగి చూడలేడు. లోపలివైపు ఇంకో కారు వచ్చిందా, ఇంకా ఉందా, దాటిపోయిందా అన్నది స్పాటర్ చెబుతూనే ఉండాలి. మీ అన్న చూసింది మే నెలాఖరున జరిగే 600 మైళ్ల రేసు అయితే, ఒకటిన్నర మైలు ట్రాక్ మీద 400 చుట్లు. అన్ని చుట్లూ ఆ ముగ్గురి మాటల మీదే నడుస్తాయి. హెడ్‌సెట్ పెట్టుకుని విన్నవాడికి రేసు ఇంకో రకంగా కనబడుతుంది. టైరు అరిగిందని డ్రైవర్ గోల, ఇంకో రెండు చుట్లు ఓపిక పట్టమని చీఫ్ బుజ్జగింపు. నీకెందుకు పిచ్చెక్కిందో నాకు బాగా అర్థమైంది.

ఈ మాటలు ఏ తాళమూ లేకుండా మామూలు అనలాగ్ రేడియోలో గాల్లోకి పోతాయి. ట్రాక్ దగ్గరే స్కానర్లు అద్దెకిస్తారు. ఏ నంబర్ కారు ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతుందో జాబితా దొరుకుతుంది. ఎదుటి టీమ్ రేడియో వినడానికే మనిషిని కూర్చోబెట్టుకునే టీమ్‌లున్నాయి. మాట్లాడేవాళ్లందరికీ ఇది తెలుసు. పైకి తెలియకూడని విషయమైతే ముందే అనుకున్న గుర్తుమాటల్లో చెప్పుకుంటారు.

చట్టం కూడా దీనికి చోటిచ్చింది. ఎలక్ట్రానిక్ సంభాషణల గోప్యత కోసం అమెరికా 1986లో ఒక చట్టం చేసింది. ఇతరుల మాటల్ని మధ్యలో పట్టుకోవడం దాని ప్రకారం నేరం. అయితే గుప్తలిపిలోకి మార్చకుండా, జనం మామూలుగా అందుకోగలిగేలా వదిలిన రేడియో మాటలకు మినహాయింపు ఉంది. రేసు టీమ్‌ల రేడియో దాని కిందికి వస్తుంది. సెల్‌ఫోన్ మాటలు రావు. సెల్‌ఫోన్ ఫ్రీక్వెన్సీలు పట్టే స్కానర్ల తయారీని 1990లలోనే ఆపించారు. ఇంకో చిక్కు కూడా ఉంది. పోలీసు ఫ్రీక్వెన్సీలు అందుకునే స్కానర్‌ను కారులో పెట్టుకుని తిరగడం మీద ఫ్లోరిడా, ఇండియానా, కెంటకీ లాంటి రాష్ట్రాల్లో ఆంక్షలున్నాయి. మీ అన్న వేరే రాష్ట్రంలో రేసుకు పోతే ఈ ఒక్క విషయం చూసుకొమ్మను.

మందిమాటలు వినడం అన్న నాన్న మాటకు ఒక సంఘటన చెబుతాను, ఇంట్లో చెప్పు. 2013 సెప్టెంబర్ 7న వర్జీనియాలోని రిచ్‌మండ్ ట్రాక్‌లో రాత్రి రేసు. టైటిల్ కోసం జరిగే చివరి పది రేసులకు ఎవరు పోతారో తేలేది ఆ రాత్రే. ఇంకో ఏడు చుట్లున్నాయనగా క్లింట్ బోయర్ కారు ఉన్నట్టుండి గిర్రున తిరిగింది. పసుపు జెండా పడింది, బండ్లన్నీ నెమ్మదించి దగ్గరయ్యాయి. అప్పటిదాకా ముందున్న ర్యాన్ న్యూమన్ వెనకబడ్డాడు. చివరికి బోయర్ టీమ్‌కే చెందిన మార్టిన్ ట్రూఎక్స్ జూనియర్‌కు చోటు దక్కింది.

కళ్లతో చూసినవాళ్లకు అది ఏ రేసులోనైనా జరిగే స్పిన్. రేడియో విన్నవాళ్లకు అనుమానం వచ్చింది. కారు తిరిగే ముందు క్రూ చీఫ్ డ్రైవర్‌ను చెయ్యి నొప్పి పెడుతోందా అని అడిగాడు, లోపల వేడిగా ఉండి ఉంటుంది, గోక్కొమ్మన్నాడు. అది కారు తిప్పమనే గుర్తుమాటేమో అనిపించింది. అదే టీమ్ మూడో కారును ఏ అవసరమూ లేకుండా పిట్‌లోకి పిలిచారు. ఎందుకని డ్రైవర్ అయోమయంగా అడిగితే, ఒక పాయింట్ కావాలన్నట్టు చెప్పారు. ఆ కారు వెనకబడితే పాయింట్ల లెక్క ట్రూఎక్స్‌కు కలిసొస్తుంది మరి. ఇదంతా గాల్లో ఉంది, విన్నవాళ్లున్నారు, రికార్డు చేసినవాళ్లున్నారు.

బోయర్ కావాలనే తిప్పాడని రుజువు చెయ్యలేమని నాస్కార్ అంది. మూడో కారును పిలిచిన మాటలు మాత్రం తప్పించుకోలేకపోయాయి. టీమ్‌కు 3 లక్షల డాలర్ల జరిమానా పడింది. ట్రూఎక్స్‌ను తీసేసి న్యూమన్‌ను చేర్చారు. టీమ్ జనరల్ మేనేజర్‌ను సస్పెండ్ చేశారు. వారం తిరగకముందే కొత్త నియమాలు వచ్చాయి. కారుకు ఒక్క స్పాటరే ఉండాలి. స్పాటర్లు నిలబడే చోట డిజిటల్ రేడియోలు పనికిరావు, జనం స్కానర్‌తో వినగలిగే అనలాగ్ రేడియోలే వాడాలి. నాకు ఎంతో నచ్చిన నిర్ణయం ఇది. మోసం బయటపడ్డాక మాటలు దాచుకునే దారి వెతకకుండా, అందరూ వినేలా ఇంకా తెరిచి పెట్టారు. టికెట్ కొన్న మనిషి చెవిని ఆటకు కాపలా పెట్టినట్టు. అలాంటి చోట వినడం చాటుగా వినడం ఎట్లా అవుతుంది?

మీ అన్న అదే స్కానర్ పట్టుకుని ఇంగ్లాండ్‌లో ఏదైనా రేసుకు పోతే లెక్క మారిపోతుంది. అక్కడి 2006 వైర్‌లెస్ చట్టం 48వ సెక్షన్ ప్రకారం, నీ కోసం ఉద్దేశించని రేడియో మాటల్ని అనుమతి లేకుండా, ఏం మాట్లాడుకుంటున్నారో తెలుసుకుందామని వినడమే నేరం. దేశం మారితే అదే పెట్టెకు అర్థం మారుతుంది. ఇది గట్టిగా గుర్తుపెట్టుకో, దేవరకొండ దగ్గరికొచ్చేసరికి పనికొస్తుంది.

ఫార్ములా వన్ పద్ధతి వేరు. టీమ్‌లు మాటల్ని గుప్తలిపిలో పంపుతాయి, కాబట్టి స్కానర్ పెట్టినా గరగర తప్ప ఏమీ రాదు. అధికారులకు, ప్రసారం చేసేవాళ్లకు మాత్రం ఆ మాటలు అందుతాయి. టీవీలో మనం వినేది వాళ్లు ఏరి, కాసేపాగి వేసే ముక్కలు. 2012 అబుదాబిలో కిమీ రైకోనెన్ తన ఇంజనీర్‌తో "నన్ను వదిలెయ్, ఏం చేస్తున్నానో నాకు తెలుసు" అన్నాడు, ఆ రేసు గెలిచాడు కూడా. ఆ మాట టీషర్టుల మీదికి ఎక్కింది. తిట్ల విషయంలో, కారు రేసులకు నియమాలు పెట్టే ప్రపంచ సంస్థ ఎఫ్ఐఏ జరిమానాలు పెట్టింది గానీ, 2025 మేలో వాటిని తగ్గిస్తూ ఒక మంచి తేడా ఒప్పుకుంది. ప్రెస్ మీట్‌లో కూర్చుని అన్న మాట వేరు, కారు నడుపుతూ నోరుజారిన మాట వేరు అంది. నీ షార్ట్స్ దగ్గర మళ్లీ దీని దగ్గరికొస్తాను.

ఇక మన ఊరు.

మీ తాతను అడుగు, ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో లైసెన్స్ పుస్తకం మీద ఏటా డబ్బులు కట్టిన రోజులు గుర్తుండే ఉంటాయి. 1980లలో ఆ బాధ పోయింది. కానీ దాని వెనకున్న ఆలోచన పోలేదు. మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ చట్టం మాట్లాడే సెట్టునే గాక, రేడియో పరికరం దగ్గర ఉంచుకోవడాన్నే అనుమతి కిందికి తెచ్చింది. ఆకాశవాణి, ఎఫ్ఎం వినే మామూలు రేడియోకు మినహాయింపు ఇచ్చారు. అన్ని ఫ్రీక్వెన్సీలూ గాలించే స్కానర్‌కు కూడా అదే మినహాయింపు ఉందని అనుకుని దిగొద్దు. బయటి నుంచి వైర్‌లెస్ పరికరం తేవాలంటే టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం, అంటే డబ్ల్యూపీసీ అనుమతి అడుగుతారు. శంషాబాద్‌లో కస్టమ్స్‌వాళ్లు బ్యాగు తెరిచి అడిగితే మీ అన్న దగ్గర చూపించడానికి కాగితం ఉండదు. పండక్కి వచ్చినవాడు ఎయిర్‌పోర్టులో కూర్చోవడం నీకూ ఇష్టముండదు.

కొత్తగా వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఇంకా గట్టిది. రేడియో పరికరం ఉంచుకోవడానికి అనుమతి కావాలన్న సూత్రం ఇందులోనూ ఉంది. దాని 42వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. చట్టవిరుద్ధంగా ఒక సందేశాన్ని మధ్యలో పట్టుకుంటే మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అంతరంగిక జీవితం ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలతో చెప్పింది. ఫోన్ ట్యాపింగ్ అన్న మాట 2024 నుంచి మన రాష్ట్రంలో చాయ్ హోటళ్ల దాకా వచ్చింది. నాన్న టెన్షన్ ఊరికే పుట్టింది కాదు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెబుతాను. ఆ స్కానర్ మీ ఇంటి డాబా మీద ఆన్ చేశావనుకో. షార్లెట్ రేసు దాంట్లో రాదు. ఆ రేడియోలు వాడే తరంగాలు సూటిగా పోయి, కొన్ని మైళ్లలో ఆగిపోతాయి. మరి ఏం వినబడుతుంది? జాతర బందోబస్తులో ఉన్న కానిస్టేబుల్ సెట్టు. రోడ్డు మీద ప్రమాదం జరిగితే ఆసుపత్రికి పోతున్న కబురు. దగ్గర్లో ఏ రైస్ మిల్లులోనో వాచ్‌మన్ మాటలు. వాతావరణం అనుకూలిస్తే నల్లమల అంచున అటవీ సిబ్బంది పిలుపులు. వీళ్లలో ఒక్కరికీ నువ్వు వింటున్నావని తెలియదు. ఒక్కరూ నీకు టికెట్ అమ్మలేదు. షార్లెట్‌లో ఆట వస్తువుగా ఉన్న పెట్టె దేవరకొండ గాలిలోకి రాగానే ఊరి మాటలు వినే పెట్టె అవుతుంది. నువ్వు మారలేదు, పెట్టె మారలేదు. అవతల మాట్లాడేవాళ్లు మారారు. నీ మొదటి ప్రశ్నకు అసలు జవాబు ఇదే.

నాకు దీంట్లో సొంత అనుభవం ఉంది. 1990లలో మేం వాడే ల్యాబ్‌లో ఒక పాత రిసీవర్ ఉండేది. పెద్ద గుండ్రని డయల్, వేడెక్కితే దుమ్ము కాలిన వాసన. ఒక సాయంత్రం పిల్లలతో కలిసి డయల్ తిప్పుతుంటే ఎవరిదో వైర్‌లెస్ సంభాషణ తగిలింది. జడ్చర్ల దగ్గర బస్సు ప్రమాదం, డ్రైవర్ పరిస్థితి బాగాలేదు. రూటు, బస్సు బయల్దేరిన టైము సగం సగం వినబడ్డాయి. మా పిల్లల్లో ఒకతని మేనమామ ఆ రూట్లోనే డ్రైవర్. నేను ఆపేలోపే వాడు పరిగెత్తి ఎస్టీడీ బూత్ నుంచి ఊరికి ఫోన్ చేశాడు. ఆ ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలగలేదు. వాడి అత్తమ్మ సోయి తప్పి పడిపోయింది. తెల్లవారి ఏడింటికి మేనమామ డ్యూటీ దిగి, సంచి భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. ప్రమాదం జరిగింది వేరే బస్సుకు. సగం విన్న మాటను పట్టుకుని మేం ఒక ఇంటికి చావు కబురు పంపాం. ఆ రిసీవర్ ఆన్ చేసింది నేను. ఆ తర్వాత ఎన్నేళ్లు ఆ అమ్మకు ఎదురుపడినా కళ్లలోకి చూడలేకపోయాను. సరదాకు రేడియోలో మాట్లాడుకునేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే హామ్ లైసెన్స్ తీసుకున్నాక కూడా, నాది కాని మాట చెవిలో పడితే డయల్ తిప్పేస్తాను. ఇంట్లో కూడా చెప్పను.

స్కానర్ వద్దన్నానని వేలెడంత డాంగిల్ కొని ల్యాప్‌టాప్‌కు పెట్టేవు. ఈసీఈ చదివే పిల్లలకు అది తెలియకుండా ఉండదు. టీవీ చూడటానికి చేసిన ఆ యూఎస్‌బీ ముక్క ఎన్నో ఫ్రీక్వెన్సీలు పట్టగలదని 2012 ప్రాంతంలో ఔత్సాహికులు బయటపెట్టారు. తెర మీద నీలిరంగు నీళ్లు కారుతున్నట్టు ఉంటుంది, ఎవరైనా మాట్లాడినప్పుడల్లా ఒక పసుపు గీత పడుతుంది. చూడముచ్చటగా ఉంటుంది. నేర్చుకోవాలంటే కాలేజీ ల్యాబ్‌లో, లెక్చరర్ ఉండగా, ఎఫ్ఎం స్టేషన్ల మీద నేర్చుకో. మాడ్యులేషన్ పాఠమంతా అక్కడే కనబడుతుంది. పసుపు గీతల వెంట పడి ఎవరెవరివో సెట్లు తెరిస్తే అదీ స్కానర్ పనే.

హైదరాబాద్‌లో మళ్లీ రేసు జరిగితే ఎలా అని నువ్వు అడగలేదు గానీ, మనసులో ఉండే ఉంటుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల రేసు ఫార్ములా-ఈ జరిగింది, జీన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024 రేసు రద్దయింది. ఎప్పుడు జరిగినా, బయటి టీమ్‌లు ఇక్కడ రేడియో వాడాలంటే మన ప్రభుత్వం దగ్గర ఫ్రీక్వెన్సీకి అనుమతి తీసుకోవాల్సిందే. ఆ అనుమతి మాట్లాడుకునేవాళ్లది. దాన్ని చూపించి గ్యాలరీలో స్కానర్ తియ్యడానికి లేదు. నిర్వాహకులే రేడియో వినే ఏర్పాటు ఇస్తే హాయిగా విను.

ఇప్పుడు మీ వాకీటాకీలు. ముందు సెట్టు వెనక స్టిక్కర్ చూడు. మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకు 2018 నుంచి లైసెన్స్ అక్కర్లేదు, ఆ మోడల్‌కు ప్రభుత్వ ఆమోదం ఉంటే చాలు. ఆన్‌లైన్‌లో అమ్మేవన్నీ ఇలాంటివే అనుకోకు. ఫ్రీక్వెన్సీ చెప్పకుండా, లైసెన్స్ కావాలో వద్దో రాయకుండా అమ్ముతున్నారని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నిబంధనలు తేవాల్సి వచ్చింది. మీవి ఆ హద్దు దాటి పనిచేసే సెట్లయితే కంప్లైంట్ సంగతి పక్కనపెట్టి ముందు అవి వాడటం ఆపండి.

ప్రైవసీ కోడ్ పేరు పెట్టి డబ్బా మీద రాసినవాళ్ల మీద నాకు నిజంగా కోపం. చాలా సెట్లలో అది చేసే పని ఒకటే. నువ్వు మాట్లాడినప్పుడు నీ గొంతు కింద సన్నగా ఒక గుయ్‌మనే శబ్దం కలుపుతుంది, 67 నుంచి 254 హెర్ట్జ్ మధ్య ఏదో ఒకటి. మీ సెట్లు ఆ గుయ్‌మన్నది ఉంటేనే స్పీకర్ తెరుస్తాయి. దాంతో వేరేవాళ్ల మాటలు మీకు వినబడవు. మీ మాటలు వేరేవాళ్లకు వినబడకుండా మాత్రం అది ఏమీ చెయ్యదు. పక్క కాలేజీ పిల్లవాడు తన సెట్టులో కోడ్ సున్నా పెట్టుకుంటే చాలు, మీ పిట్ ప్లాన్ అంతా వాడి చెవిలో ఉంటుంది. తలుపు తెరిచే ఉంది. మీరు చెవుల్లో దూది పెట్టుకుని తాళం వేశామనుకున్నారు.

అందరికీ వదిలేసిన ఛానెల్‌లో, తాళం లేని మాట విన్నందుకు ఆ పిల్లల మీద కంప్లైంట్ నిలబడుతుందని నేను అనుకోను. పోటీ రూల్ బుక్‌లో ఎదుటి టీమ్ రేడియో వినొద్దని ఉంటే నిర్వాహకులకు చెప్పు, లేకపోతే వచ్చేసారికి అలాంటి రూలు పెట్టమని అడుగు. ఈలోపు మీ టీమ్‌కు గుర్తుమాటలు నేర్పు. దేవరకద్ర అంగట్లో ఎద్దుల బేరం ఎప్పుడైనా చూశావా? చుట్టూ పదిమంది నిలబడి ఉంటారు, ధర మాత్రం తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని తేల్చుకుంటారు. అట్లాగే రెండు ల్యాపుల్లో పిట్‌కు రమ్మనడానికి ఒక మాట, ఇప్పుడే రమ్మనడానికి ఇంకో మాట పెట్టుకోండి. ప్రతి రేసుకూ మార్చండి. బోర్డు మీద నంబర్ రాసి చూపించడం అన్నిటికంటే మేలు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పకూడదు. ప్రమాదం, మంట, దెబ్బ తగలడం లాంటి మాటలకు గుర్తులు పెట్టొద్దు. అవి అందరికీ అర్థమయ్యే తెలుగులోనే ఉండాలి.

షార్ట్స్ గురించి. రేసు ప్రసారం నుంచి గానీ యాప్ నుంచి గానీ తీసిన ఆడియో అయితే హక్కులు వాళ్లవి, నీ ఛానెల్‌కు స్ట్రైక్ పడుతుంది. స్కానర్ నుంచి రికార్డు చేసిందైనా ధీమాగా ఉండొద్దు. జనం కోసం ప్రసారం చెయ్యని రేడియో మాటల్ని విని బయటపెట్టడం మీద, సొంత లాభానికి వాడుకోవడం మీద అమెరికాలో 1934 నుంచే చట్టం ఉంది. గ్యాలరీలో విని ఆనందించడం ఒకటి, దాన్ని కోసి వ్యూస్ కోసం పెట్టడం ఇంకొకటి. అన్నను టికెట్ మీద షరతులు కూడా ఒకసారి చదవమను.

ఆ తిట్ల షార్ట్ మాత్రం చట్టం ఏమన్నా నేను తీసెయ్యమనే అంటాను. నాస్కార్ కారు లోపల వేడి 50 డిగ్రీలు దాటుతుంది. గంటల తరబడి అందులో కూర్చుని, గోడకు గుద్దుకుని, ఒళ్లంతా అదిరిపోయిన మనిషి నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. తన రేడియో జనం వింటారని అతనికి తెలుసు, నిజమే. ఆ విన్నవాళ్లు రేసంతా చూస్తున్నవాళ్లు, ఆ కోపానికి ముందు ఏం జరిగిందో తెలిసినవాళ్లు. నీ ముప్పై సెకన్లలో అదేమీ లేదు, తిట్టు ఒక్కటే మిగిలింది. కార్టింగ్‌లో మీ డ్రైవర్ దెబ్బ తగిలి నిన్నే తిట్టాడనుకో, పక్క కాలేజీవాళ్లు దాన్ని రికార్డు చేసి పెట్టారనుకో. మీ డ్రైవర్ వాళ్లమ్మ ఫోన్‌లోకి అది వస్తుంది.

రేసు రేడియో మీద ఇష్టం తగ్గించుకోమనను. ఎఫ్1 టీవీలో ఒక్కో డ్రైవర్ కెమెరాతో పాటు అతని రేడియో కూడా వినొచ్చు. నాస్కార్ యాప్‌లోనూ టీమ్‌ల మాటలు వస్తాయి. టీమ్‌లు ఒప్పుకుని ఇచ్చినవి అవి. రిచ్‌మండ్ లాంటి సంఘటనల మీద నీ గొంతుతో, నీ మాటల్లో తెలుగులో వీడియోలు చెయ్. క్రూ చీఫ్ ఇంధనం లెక్క ఎట్లా వేస్తాడో చెప్పు. అలాంటివి వినేవాళ్లు మనలో బోలెడుమంది ఉన్నారు, చెప్పేవాళ్లు తక్కువ.

చేతిలో నిజంగా రేడియో కావాలంటే హామ్ పరీక్ష రాయి. పన్నెండేళ్లు నిండితే చాలు, నీకు ఎప్పుడో అర్హత వచ్చింది. అందులో కింది మెట్టైన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ అక్కర్లేదు. ప్రాథమిక ఎలక్ట్రానిక్స్, రేడియో నియమాల మీద ప్రశ్నలుంటాయి, సగం నీ సిలబస్సే. దరఖాస్తు డబ్ల్యూపీసీకి, సరళ్ సంచార్ పోర్టల్‌లో. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, అక్కడ అడిగితే దారి చూపిస్తారు. లైసెన్స్‌తో పాటు గాల్లో నీ పేరులా వాడుకునే కాల్‌సైన్ ఒకటి వస్తుంది, పరికరం ఉంచుకోవడానికి కాగితం వస్తుంది. స్కానర్‌కు పెట్టే డబ్బుల్లో కొంత అన్నను దీనికి ఇవ్వమను.

లైసెన్స్ వచ్చాక ఒక సాయంత్రం 145.800 మెగాహెర్ట్జ్ పెట్టి డాబా మీద కూర్చో. అంతరిక్ష కేంద్రం మన మీదుగా పోయే టైములు ముందే తెలుస్తాయి. అందులో ఉన్నవాళ్లు స్కూలు పిల్లలతో మాట్లాడేది ఆ ఫ్రీక్వెన్సీలోనే, ఎవరైనా వినొచ్చని తెలిసే మాట్లాడతారు. ఒక్కోసారి నెలల తరబడి ఏమీ దొరకదు, దొరికితే పది నిమిషాలకు మించదు. ఆ రోజు నాన్నను కూడా పిలువు.